గిన్నె చప్పుడు ఆగేదాకా

మొన్నొక మధ్యాహ్నం పాడేరులో మా బడి వరండాలో ఎవరో ఆడమనిషి నాకోసం కూర్చుని ఉందని ఆయా వచ్చి చెప్పింది. వెళ్ళి చూస్తే, నేను ఇదివరకు పనిచేసిన కొండ ఊళ్ళో మా ఎదురింటి ముసలమ్మ కోడలు. చింతపల్లి దాటాక జీపు దిగి కొండెక్కితే వచ్చే ఒక చిన్న ఊళ్ళో నేను నాలుగేళ్ళు టీచరుగా పనిచేశాను. బడి పక్క గదిలోనే నా మకాం. గదికి ఎదురుగా ముసలమ్మ ఇల్లు, ఇంటిముందు కాఫీ ఎండబోసే కళ్ళం. కోడలు ఏదో సర్టిఫికెట్ పని మీద ఆఫీసుకొచ్చి, సారు రాలేదంటే నన్ను చూసిపోదామని ఇటొచ్చిందట.

"మా అత్త ఎలిపోనాది టీచరమ్మా," అంది కూర్చోకుండానే. "కాఫీ పనంతా అయిపోనాకే."

నా చేతిలో ఒక చిన్న గుడ్డమూట పెట్టింది. విప్పితే కాఫీ గింజలు, పైన పలచని పొట్టుతో. గుప్పెడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. గలగలమన్నాయి. చావు కబురు మోసుకొచ్చిన మనిషి ముందు చెయ్యాల్సిన పనేనా అది! కోడలు తప్పుపట్టలేదు సరికదా, కొంచెం నవ్వింది కూడా.

ముసలమ్మ పొట్టి మనిషి. ముక్కుకి రెండువైపులా పోగులు, చెవుల అంచు పొడుగునా చిన్న చిన్న రింగులు. ఇంట్లో వాళ్ళ భాషే మాట్లాడేది, నాతో మాత్రం తెలుగు. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ నోటివైపు కాక నుదుటివైపు చూసేది. మొదట్లో నా బొట్టు చెరిగిందేమోనని తడుముకునేదాన్ని. నవ్వాలనిపిస్తే నవ్వకుండా ఒకసారి ముక్కు ఎగబీల్చేది. ఆ ఊళ్ళో అందరి పంటా ఆవిడ చెవులమీద ఆధారపడి ఉందని నాకు మొదటి చలికాలంలో గానీ తెలియలేదు.

కాఫీ సంగతి తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. ఎర్రగా పండిన పళ్ళు కోసి, తొక్క ఒలిపించి, నానబెట్టి కడిగి, గింజల్ని టార్పాలిన్ల మీద ఎండబోస్తారు. ఎన్ని రోజులని ఎవరూ చెప్పలేరు, ఆ కొండల్లో పొద్దున పదింటిదాకా మంచే విడవదు. సరిగ్గా ఎండకుండా బస్తాల్లోకి ఎత్తితే లోపల చెమర్చి బూజువాసన పట్టేస్తుంది. కింద కొనేచోట బస్తా విప్పీ విప్పగానే వద్దంటారు. ఆ వాసన ఒకసారి పట్టిందంటే మళ్ళీ ఎన్ని ఎండలు పోసినా పోదు. ఒక ఇంటి ఏడాది కష్టం అలా జీపెక్కి వెళ్ళి అలాగే జీపెక్కి తిరిగి వచ్చేస్తుంది.

అందుకని బస్తాలకి ఎత్తేముందు ఎవరైనా సరే ఆవిడని పిలుచుకెళ్ళేవారు. ఆవిడ గుప్పెడు గింజలు తీసి, చెవి పక్కకి చెయ్యెత్తి, పిడికిలి వదులుగా బిగించి ఆడించేది. కళ్ళు మూసుకునేది కాదు. పిడికిలి విప్పి గింజల్ని కింద వదిలేసి, "తియ్యండి" అనేది. లేకపోతే "ఇంకో ఎండ" అనేది. ఇంకేమీ ఉండేది కాదు. పచ్చిగింజ మెత్తగా, గొంతు పట్టేసినట్టు పలుకుతుంది. ఎండిన గింజ పొట్టులోంచి విడిపడి గలగలమంటుంది. మధ్యలో మరో అరడజను రకాలున్నాయట, అవి నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ మొదటి ఏడాదే కొనేవాళ్ళ తాలూకు ఒక కుర్రాఫీసరు తేమ చూసే మిషను పట్టుకుని పైకి వచ్చాడు. ముసలమ్మ ఆడించి "ఇంకో ఎండ" అంది. మిషను పెట్టి చూస్తే తేమ ఎక్కువే చూపించింది. అతను నమ్మలేక ఇంకో గుప్పెడు తీశాడు, ఇంకోసారి నొక్కాడు. మర్నాడు ఎండ దిగాక "తియ్యండి" అంది. మిషనూ సరేనంది. ఆ అబ్బాయి మిషను వైపు, ఆవిడ చెవివైపు మార్చి మార్చి చూస్తుంటే ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"మిషను మంచిదే బాబూ," అంది. "నాలాగే సెప్తంది."

ఇక నా పిచ్చి సంగతి. విశాఖపట్నంలో బీఈడీ చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చింది. దాని నిండా పాటలు కాని పాటలు. నలుగురు ఒక గదిలో కూర్చుంటారు, ముందుగా ఏదీ అనుకోరు. ఒకళ్ళు తీగ మీద కమాను ఊరికే ఆనిస్తారు, ఒకళ్ళు వేణువులో స్వరం రాకుండా ఊపిరి మాత్రం ఊదుతారు, ఒకళ్ళు డోలు చర్మం మీద గులకరాళ్ళు దొర్లిస్తారు. ఎదుటివాళ్ళు చేసింది విని దానికి తోచింది కలుపుతారు. రాగం లేదు, తాళం లేదు, మాట అసలే లేదు. కొన్ని మరీ విచిత్రం, అరగంటపాటు ఒకే ఒక్క హోరు, అది ఎక్కడ మారిందో మారాక గానీ తెలీదు. నాకెందుకు నచ్చాయో ఇప్పటికీ చెప్పలేను. ఆ కొండమీద సిగ్నలు ఉండేది కాదు కాబట్టి ఫోనులోకి ఎక్కించుకుని, బడి వదిలాక అరుగు మీద చిన్న స్పీకరు పెట్టుకుని వినేదాన్ని. పక్కింటాయన రెండ్రోజులు చూసి, జాలిపడి, "సింతపల్లి ఎల్తన్నాను టీచరమ్మా, బాగుసేయించి తెత్తాను, ఇలాగియ్యి," అని స్పీకరు తీసుకెళ్ళబోయాడు.

ముసలమ్మ ఒక్కతే వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను అరుగు మెట్టు మీద, ఆవిడ కింద చాపమీద. కోడలు నా వెనకాల అరుగు మీదే గోడకి ఆనుకుని, చేటలో గింజలు పోసుకుని చెరుగుతూ, నల్లవీ పగిలినవీ ఏరుతూ ఉండేది. కోడలు పాట గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఈవిడకి ఇవన్నీ ఎక్కడ పడతాయిలే అనుకునేదాన్ని.

"ఏటిది?" అంది ముసలమ్మ మొదటిరోజు.

చెప్పాను. నలుగురు కూర్చోవడం, ఏమీ అనుకోకుండా మొదలెట్టడం, ఒకళ్ళనొకళ్ళు వినడం. అంతా శ్రద్ధగా విని ఒకటే ప్రశ్న అడిగింది.

"మరి ఎవులాపుతారు?"

అన్నేళ్ళుగా వింటున్నాను, ఆ ప్రశ్న నాకు రాలేదు. పాటకైతే చరణం అయిపోతుంది, పల్లవి ముగుస్తుంది. వీళ్ళకి అయిపోయిందని ఎలా తెలుస్తుంది? ఆ వారం కొండ దిగి వెళ్ళినప్పుడు ఫోన్ చేసి మా హాస్టలు అమ్మాయినే అడిగాను. అదీ కాసేపు ఆలోచించి, "తెలియదే, ఆగిపోతారంతే," అంది.

ఆవిడ తీర్పులు మాత్రం అద్భుతంగా ఉండేవి. అన్నిటికీ కాఫీ మాటలే. హోరు ఎక్కువై ఒకదానిమీద ఒకటి పడిపోయే రికార్డింగు వినిపిస్తే "పులిసిపోనాది" అంది, గింజల్ని నీళ్ళలో మరీ ఎక్కువసేపు వదిలేస్తే అనే మాట అది. ఒక పేరున్న వాయిద్యగాడు ఏదో చెయ్యబోయి చెయ్యక తటపటాయించేది వినిపిస్తే, "ఇంకా తొక్క వొదల్నేదు ఈడికి," అంది. నేను అవన్నీ కాగితం మీద రాసుకుని హాస్టలు అమ్మాయికి పంపేదాన్ని. అది పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఇంతకన్నా బాగా ఎవరూ రాయలేదే అనేది. నాకూ భలే గర్వంగా ఉండేది, కొండమీద నాకో శిష్యురాలు దొరికిందని. శిష్యురాలట!

అన్నిట్లోనూ ఆవిడకి నచ్చింది ఒకటే. ముప్పావుగంట ఉంటుంది. చివర్లో ముగ్గురు ఒక్కొక్కరే ఆపేస్తారు. నాలుగో మనిషి ఒక్కడూ ఇత్తడి గిన్నె అంచు మీద కర్రతో రాస్తూ ఉంటాడు. ఆ మోత సన్నబడుతుంది, ఇంకా సన్నబడుతుంది. ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం.

"ఆడికి తెలీదేటి, మిగిలినోళ్ళు ఆపీసినారని?"

"తెలుసు మామ్మా. అయినా చేస్తున్నాడు."

"ఊఁ," అని ముక్కు ఎగబీల్చింది.

అది ఆవిడకి ఆటయిపోయింది. గిన్నె మొదలవగానే చెవి పక్కకి పిడికిలి ఎత్తేది, గింజలున్నట్టే. నన్నూ ఎత్తమనేది. చప్పుడు ఎవరికి ఆగిపోతే వాళ్ళు పిడికిలి విప్పాలి. మొదటి ఏడాది నేను విప్పేశాక కూడా ఆవిడ బిగించే ఉంచేది. "ఉంది, ఇంకా ఉంది," అనేది. గొప్పలు పోతోందనుకున్నాను. ఒకరోజు ఫోనులో ఆ చప్పుడు గీతలాగా కనిపించేది ఒకటి తెరిచి చూద్దును కదా, నేను ఆగిందన్న చోటు తరవాత కూడా గీత సన్నగా వణుకుతూనే ఉంది. సిగ్గేసింది. ముప్పై రెండేళ్ళ చెవులు నావి.

రెండో ఏడాది ఇద్దరం ఇంచుమించు ఒకేసారి విప్పేవాళ్ళం. నా చెవి మెరుగుపడిందని సంతోషించాను. ఆ ఏడాదే ఆవిడ నన్ను కళ్ళం మీదకి పిలిచి గింజలు వినిపించడం మొదలెట్టింది. "ఇదిగో, ఇది నిన్నటిది. ఇది మొన్నటిది. తేడా సెప్పు." తప్పు చెప్తే తిట్టేది కాదు, మళ్ళీ గుప్పెడు చేతిలో పోసేది. కోడలు పక్కనే గింజలు తిరగేస్తూ ఉండేది.

మూడో ఏడాది చలి ముదిరేసరికి ఆట రోజూ కావాలనేది. అదే రికార్డింగు, అదే చివర. నేను వేరేది పెడదామంటే చెయ్యి అడ్డంగా ఊపేది. ఇప్పుడు నేను విప్పిన మరుక్షణం ఆవిడా విప్పేది. ఒకరోజు ఎందుకో నేను చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే పొరపాటున చెయ్యి దించాను, చీమ కుట్టింది. ఆవిడా దించేసింది. ఆవిడ గిన్నెని వినడం లేదు, నా మొహం చూస్తోంది. అప్పుడు ఒకటొకటే గుర్తొచ్చాయి. వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం, పిల్లలచేత రెండేసిసార్లు చెప్పించుకోవడం.

ఎవరికి చెప్పాలో, అసలు చెప్పొచ్చో లేదో తేల్చుకోకముందే పక్కింటాయన కాఫీ వంతు వచ్చింది. నా స్పీకరు బాగుచేయిస్తానన్నాయనే. ఆ ఏడాది వాళ్ళ ఇంట్లో పెద్ద కూతురు కాలేజీ అంతా ఆ గింజల మీదే ఉంది. ఆదివారం, నలుగురైదుగురు చుట్టూ చేరారు. ముసలమ్మ గుప్పెడు తీసి ఆడించింది. నేను పక్కనే ఉన్నాను. గింజ మెత్తగా పలికింది. ఇంకో రెండు ఎండలైనా కావాలి. ఆవిడ చుట్టూ ఉన్న మొహాల్లోకి చూసింది, అందరి మొహాల్లో ఒకటే ఆశ.

"తియ్యండి," అంది.

నేను మాట్లాడలేదు. ఆవిడ నేర్పిన చెవితో ఆవిడే తప్పని నలుగురిలో ఎలా అంటాను? కోడలివైపు చూస్తే తల వంచుకుని టార్పాలిన్ అంచు మడుస్తోంది. ఆయన బస్తాలు ఎత్తించాడు. మర్నాడు మధ్యాహ్నం జీపు.

ఆ సాయంత్రం నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ చిన్నతనంగా ఉంటుంది. కోడలు నీళ్ళకి ఊట దగ్గరకి వెళ్ళిన సమయం చూసి స్పీకరు తీసుకెళ్ళాను. ఆవిడ పిడికిలి ఎత్తి నాకెదురుగా కూర్చుంది. గిన్నె చప్పుడు మొదలవగానే నేను వెనక్కి తిరిగి, ఆవిడకి వీపు పెట్టి కూర్చున్నాను. చప్పుడు సన్నబడింది, నాకు ఆగిపోయింది. ఫోను చూసుకుంటే రికార్డింగు పూర్తిగా అయిపోయింది. ఇంకా కాసేపాగి తిరిగి చూశాను. ఆవిడ పిడికిలి చెవి పక్కనే ఉంది, బిగించే ఉంది.

నాకు ఏడుపొచ్చింది. ముసలావిడని పరీక్ష పెట్టి పట్టుకోవడానికి నేనెవర్ని?

"ముకం తిప్పీసినావు గదా గుంటా," అంది ఆవిడ, చెయ్యి దించకుండానే. "అప్పుడే తెలిసిపోనాది నాకు."

"మరి చెయ్యి దించలేదేం మామ్మా?" గట్టిగా, మొహం ముందుకి పెట్టి అడిగాను.

"నువ్వు తిరిగి సూడాల గదా. సూత్తావని ఉంచినాను." నెమ్మదిగా పిడికిలి విప్పి ఖాళీ అరచెయ్యి చూసుకుంది. "పక్కింటోడి గింజ ఎండనేదు కదేటి?"

తలూపాను.

"ఎన్ని ఎండలు గావాల?"

రెండు వేళ్ళు చూపించాను. ఆవిడ లేచి, చీర దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున మంచు విడవకముందే పక్కింట్లో గొడవ. నేను పరిగెత్తుకెళ్ళేసరికి ముసలమ్మ తన చేతులతోనే బస్తా మూతి దారం లాగేస్తోంది. ఆయన "ఏటి సేత్తన్నావు, జీపొచ్చెత్తాది!" అని అడ్డం పడుతున్నాడు. ఊరంతా చేరాక ఆవిడ గట్టిగా, చెవులు సరిగ్గా వినిపించని వాళ్ళు మాట్లాడేంత గట్టిగా చెప్పింది.

"నిన్న నాను తప్పు సెప్పినాను. నా సెవి పోనాది. బేగి పరిసీండి, ఇంకా రెండెండలు గావాల. ఇంక నన్ను పిలవకండి."

ఆవిడ బస్తాలోంచి గుప్పెడు తీసి కోడలి చేతిలో పోసింది. కోడలు అత్తవైపు చూసింది, నావైపు కూడా ఒకసారి చూసింది. తరవాత పిడికిలి చెవి పక్కకి ఎత్తి ఆడించింది.

"రెండు కాదు, మూడెండలు," అంది కోడలు.

నా మొహం కందిపోయింది. ముసలమ్మకి ఆ మాట వినిపించలేదు, కోడలు చూపిన మూడు వేళ్ళు మాత్రం చూసి ముక్కు ఎగబీల్చింది. మూడెండలయ్యాక ఆ బస్తాలు కిందికి వెళ్ళాయి, తిరిగి రాలేదు.

నాలుగో ఏడాది కూడా ఆవిడ సాయంత్రాలు వచ్చి చాపమీద కూర్చునేది. గిన్నె వచ్చినప్పుడు చెయ్యి ఎత్తేది కాదు. "ఇప్పుడేటి?" అని అడిగేది, నేను చేతులతో చేసి చూపించేదాన్ని. బదిలీ అయి వచ్చేసిన రోజున జీపు దగ్గరికి వచ్చి నా నుదుటివైపు చూస్తూ నిలబడింది. నేను ఏదో చెప్పాను, ఆవిడ ఏదో చెప్పింది, ఇంజను మోతలో నాకూ వినిపించలేదు.

ఇదంతా పాడేరు వరండాలో కోడలి ఎదురుగా కూర్చుని తలుచుకుంటున్నాను. టీ తెప్పించాను. కాసేపటికి, నా మనసులో ఇన్నేళ్ళుగా ఉన్న మాట బయటపెట్టాను. ఆరోజు నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు మీ అత్తగారికి వీపు పెట్టి పరీక్ష చేశాను, ఆవిడ నా మొహం చూసి నెట్టుకొస్తోందని పట్టుకోవాలని, అలా చెయ్యడం తప్పేనని చెప్పాను.

కోడలు గ్లాసు పక్కన పెట్టింది.

"నిన్ను సూసి సెయ్యి దించీది గానీ, ఆవిడికి గావాల్సినది నీ ముకం కాదు టీచరమ్మా. నువ్వు మెట్టు మీద కూకుంటే, నాను నీ ఎనకాల కూకునీదాన్ని గదా. ఆ గిన్నె సప్పుడొచ్చినప్పుడు నాను సేట ఆపీదాన్ని. నీకు ఆగిపోనాక కూడా నాకు ఇనిపించీది. సప్పుడు ఆగినాక మల్లా సెరిగీదాన్ని. అదే సూసీది మా అత్త."

"నీకు ముందే చెప్పిందా?"

"నేదు. సెప్తే నాను కావాలని సేత్తానని సెప్పనేదంట. ఆ బస్తాలు ఇప్పీసినాక సెప్పినాది. సెవి తగ్గిపోతందని మొదటేడే తెలిసిందంట ఆవిడికి. దాసినాది కూడా, అది నిజమే. ఇంకెవులూ దొరక్కుండా ఆపీత్తే ఊరోళ్ళ కాఫీ ఎవులు సూత్తారు?"

మూడేళ్ళు. నేను శిష్యురాలనుకున్న మనిషి నన్నూ నా స్పీకర్నీ అడ్డం పెట్టుకుని, నా భుజం మీదుగా తన కోడలి చేట చూసుకుంది. గిన్నె వచ్చినప్పుడు వెనకాల చేట చప్పుడు ఆగడం నాకు తెలుసు. మా వినికిడికి అడ్డురాకూడదని ఆపుతోందని, పాపం మర్యాదస్థురాలని అనుకున్నాను. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"ఆ పాట ఉందేటి ఇంకా?" అంది కోడలు.

ఫోను తీసి చివరి భాగం పెట్టాను. బడిపిల్లలు అన్నాలకి వెళ్ళారు, వరండా ఖాళీగా ఉంది. ఒకళ్ళు ఆపారు, ఇంకొకళ్ళు ఆపారు, మూడో మనిషీ ఆపేశాడు. గిన్నె మిగిలింది. ఇద్దరం పిడికిళ్ళు ఎత్తాం. ఆ మోత సన్నబడి, సన్నబడి, నాకు ఆగిపోయింది. నేను పిడికిలి విప్పి కోడలివైపు చూశాను. ఆమె పిడికిలి చెవి పక్కన బిగించే ఉంది.

"ఉంది," అంది. "ఇంకా ఉంది."